బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లి ఎందుకు రాదు?

ఇంటర్ ఫస్టియర్ బోటనీలో తప్పని ప్రశ్న ఒకటుంది: సమవిభజనకీ క్షయకరణ విభజనకీ భేదాలు రాయండి. పిల్లలు పేపరు మధ్యలో గీత కొట్టి, అటూ ఇటూ పాయింట్లు ఎక్కించేస్తారు. మార్కులు పడతాయి. నాకు మాత్రం ఆ పట్టిక చూస్తే ఒళ్లు మండుతుంది. అసలు సంగతి ఏ ఏడో పాయింటులోనో నక్కి ఉంటుంది మరి. క్షయకరణ కణవిభజనలో, అంటే మియాసిస్‌లో, తల్లి వైపు నుంచి వచ్చిన క్రోమోజోమూ (లక్షణాలు మోసే పోగు), తండ్రి వైపు నుంచి వచ్చిన దాని జోడూ పక్కపక్కన చేరతాయి. సమవిభజనలో, అంటే మైటాసిస్‌లో, చేరవు. మిగతా పాయింట్లు చాలావరకు దీని వెంట వచ్చేవే.

ల్యాబ్‌లో రెండూ ఉల్లితోనే చూపిస్తాను. ఉల్లిగడ్డని నీళ్ల సీసా మూతి మీద కూర్చోబెడితే మూడు నాలుగు రోజుల్లో తెల్లటి వేళ్లు దిగుతాయి. పొద్దున్నే వాటి కొనలు కోసి, మూడు వంతుల ఆల్కహాల్‌కి ఒక వంతు ఎసిటిక్ ఆమ్లం కలిపిన ద్రావణంలో ఒక రోజు ఉంచాలి. తర్వాత హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కాస్త వెచ్చబెట్టి, ఎసిటోకార్మిన్ రంగు ఎక్కించాలి. కవర్‌స్లిప్ మీద బ్లాటింగ్ పేపర్ పెట్టి బొటనవేలితో నొక్కడంలోనే ఉంది కిటుకంతా. వేలు పక్కకి జరిగిందా, కణాలన్నీ చుట్టచుట్టుకుపోతాయి, మళ్లీ మొదటికి రావాల్సిందే. స్లైడు బాగా కుదిరితే, ఉల్లికున్న 16 క్రోమోజోములూ దేనికది విడిగా వచ్చి కణం మధ్యలో నిలబడటం కనిపిస్తుంది. ఒక్కోటీ నిలువునా చీలి, అటు 16, ఇటు 16 వెళ్తాయి.

మియాసిస్‌కి వేరు పనికిరాదు, పుప్పొడి తయారయ్యేది దీనితోనే కాబట్టి పూమొగ్గ కావాలి. విత్తనం కోసం వదిలేసిన ఉల్లిమడి నుంచి పూగుత్తి తెప్పిస్తాను. అందులోనూ బాగా లేత మొగ్గే కావాలి. పరాగకోశం పసుపు తిరిగిందంటే పుప్పొడి తయారైపోయినట్టే, ఇక చూడ్డానికేమీ మిగలదు. సరైన మొగ్గ దొరికితే 16 కాదు, 8 జంటలు లెక్కకొస్తాయి. జంటలో రెండూ అక్కడక్కడా ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడి అతుక్కుని ఉంటాయి. ముక్కలు మార్చుకున్న చోట్లవి, కయాస్మాటాలు. ఆ తర్వాత ఏ క్రోమోజోమూ చీలదు. జంటలే విడిపోయి 8 అటు, 8 ఇటు పోతాయి. సగమయ్యేది ఇక్కడే. రెండో విభజన దాదాపు మైటాసిస్ లాంటిదే.

ఓసారి క్లాసులో కడియం వైపు నుంచి వచ్చే అమ్మాయి లేచి, "మేడమ్, మా నాన్న మామిడిలో అంటు మొక్కలే అమ్ముతారు. టెంక మొక్కని నమ్మకూడదంటారు, దీనివల్లేనా?" అంది. దీనివల్లే! ఆ పిల్ల అడిగినంత సూటిగా పుస్తకం చెప్పదు.

మామిడికి 40 క్రోమోజోములు, అంటే 20 జంటలు. ఏ జంటలో ఏది ఎటు పోతుందో దేనికదే. ఆ లెక్కన ఒక్క చెట్టు పుప్పొడిలోనే 10,48,576 రకాల కలయికలు సాధ్యం. ముక్కల మార్పిడి ఇందులో కలపనే లేదు. పైగా రెండో సగం ఇంకే చెట్టు నుంచో వస్తుంది. అన్నీ కలిసొచ్చి టెంకలోంచి మళ్లీ అదే బంగినపల్లి మొలవడమంటే మాటలా? అంటు కొమ్మకి ఈ గొడవే లేదు. కొమ్మ పెరిగేది మైటాసిస్‌తో కాబట్టి తల్లిచెట్టు క్రోమోజోములే ప్రతి కణంలోనూ ఉంటాయి.

అరటిది ఇంకో కథ. మనం తినే రకాల్లో ఎక్కువ వాటికి 33 క్రోమోజోములు, 11 చొప్పున మూడు సెట్లు. రెండు జతకడితే మూడోది ఎటు పోవాలి? మియాసిస్ అక్కడ తడబడుతుంది, గింజ కట్టకపోవడానికి అదొక కారణం. అందుకే పిలకలు నాటుతారు. పిలకంటే మైటాసిస్సే కాబట్టి తోటంతా ఒకే అచ్చు. రుచి మారదు నిజమే, రోగానికి లొంగే గుణమూ మారదు. అమృతపాణి తోటలో పనామా తెగులు అడుగుపెడితే తట్టుకుని నిలబడే చెట్టంటూ ఒక్కటీ వేరేగా ఉండదు.