ముప్పై వేల చీటీ, సన్న టైర్ల సైకిలు

చీటీ పాడుకుంటే ముప్పై వేలు చేతికొచ్చాయి. దాంతో సన్న టైర్లు, కిందికి వంగిన హ్యాండిలు ఉండే రోడ్ సైకిలు కొంటానంటే మా ఆవిడ, "ఇంకో పదివేలు ఏస్తే పాత స్కూటీ వస్తది గదా" అనింది. లెక్క ప్రకారం ఆమెదే కరెక్టు. కానీ నెల్లూరు పొగతోటలో ల్యాబు టెక్నీషియన్‌గా పొద్దంతా స్టూలు మీద కూర్చునేవాడికి ఇంకో బండి ఎందుకు? తెల్లారకముందే ఇందుకూరుపేట వైపు తొక్కొచ్చి ఏడింటికల్లా డ్యూటీలో ఉండాలి, ఆదివారమైతే మైపాడు సముద్రం చూసి రావాలి. అంతే నా కోరిక.

సైకిలు కొంటున్నానని తెలిస్తే చాలు, ప్రతివాళ్లూ "ఎన్ని గేర్లు?" అనే అడుగుతారు. నెల్లూరులో ఆ ప్రశ్నకు పెద్ద విలువ లేదు. ఇక్కడ ఎక్కాల్సిన ఎత్తులంటే రైల్వే ఫ్లైఓవర్లు, మహా అయితే నరసింహకొండ. మనకున్న అసలు కొండ గాలి. జూన్, జులైలో పడమటి గాలి మొదలైందంటే మైపాడు పోయేటప్పుడు వీపున చెయ్యేసి తోస్తుంది, వచ్చేటప్పుడు రొమ్ము మీద చెయ్యి పెట్టి ఆపుతుంది. అప్పుడు వంపు హ్యాండిలు కింది భాగం పట్టుకుని బాగా వంగితే తప్ప సైకిలు ముందుకు పోదు. నిటారుగా కూర్చునే హైబ్రిడ్ వద్దు, రోడ్ సైకిలే కావాలి అనుకున్నది ఇందుకే.

ముందు సైజు చూసుకున్నా. ధర తర్వాత. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, కాళ్ల మధ్య అట్టబైండు పుస్తకాన్ని సీటులాగా గట్టిగా పైకి నొక్కి, దాని పైఅంచు దగ్గర గోడ మీద పెన్సిల్ గీత పెట్టాలి. నేల నుంచి ఆ గీత దాకా నాకు 76 సెంటీమీటర్లు. దాన్ని 0.883తో హెచ్చవేస్తే 67 వస్తుంది. పెడల్ కడ్డీలు తిరిగే ఇరుసు నడిమధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండాల్సిన ఎత్తు సుమారుగా అది. నా ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు, 52 సెంటీమీటర్ల ఫ్రేము సరిపోతుంది. సీటు ఎత్తు మార్చుకోవచ్చు గానీ ఫ్రేము పొడవు మార్చలేం. చవగ్గా వస్తోందని 56 కొంటే మెడ పోతుంది.

ముప్పై వేల లోపు కొత్త వాటిలో ఎక్కువగా కనిపించినవి షిమానో కంపెనీ టూర్నీ ఏ070 గేర్లు, వెనక ఏడు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది కాబట్టి ఇప్పుడు కొనేవాళ్లకు కాస్త నయం. టూర్నీ తీసిపారేసేది కాదు. కాకపోతే అందులో ఒకవైపు గేరు మార్చే బొత్తం బ్రేకు లివరు మొదట్లో, లోపలి పక్కన ఉంటుంది. గాలికి వంగి కింద పట్టుకున్నప్పుడు బొటనవేలు అక్కడికి అందదు. అదే కంపెనీలో దాని పైమెట్టు క్లారిస్ ఆర్2000లో మార్పిడి రెండువైపులా బ్రేకు లివరు దగ్గరే, ఎక్కడ పట్టుకున్నా వేలికి అందుతుంది. నాకు అదే కావాలి, కొత్తది కొనే స్తోమత లేదు. వంపు హ్యాండిలు, డిస్కు బ్రేకులు తగిలించి రంగురంగుల్లో అమ్మే బరువైన ఇనప సైకిళ్ల జోలికి మాత్రం పోవద్దు. వాటికి చూపే గానీ నడక ఉండదు.

అందుకని క్లారిస్ గేర్లున్న వాడిన సైకిలు చూశా. చెన్నై వేళచ్చేరిలో ఒక అపార్టుమెంటు పార్కింగులో, 52 ఫ్రేము, 23 వేలు చెప్పాడు అమ్మే అబ్బాయి. నేను జేబులో పన్నెండంగుళాల స్టీలు స్కేలు పెట్టుకుని పోయా. చైను కింద బిగుతుగా లాగి, ఒక పిన్ను నడిబొడ్డున సున్నా పెట్టి, అక్కడి నుంచి ఇరవైనాలుగో పిన్ను చూడాలి. కొత్త చైనైతే అది సరిగ్గా పన్నెండో అంగుళం గీత మీదుంటుంది. పదహారో వంతు అంగుళం దాటితే చైను అయిపోయినట్టు. ఎనిమిదో వంతు దాటితే వెనక పళ్లచక్రాలు కూడా అరిగిపోయి ఉంటాయి, ఇక బేరమే వద్దు. ఇది పదహారో వంతు దగ్గర నిలబడింది. అబ్బాయికి స్కేలు చూపించి, "తమ్ముడూ, చైను నేనే వేసుకోవాలి కదా" అంటే వెయ్యి తగ్గించాడు. రిమ్ము బ్రేకు తగిలే చోట గోరుతో రాస్తే గుంట పడలేదు. పెడల్ కడ్డీలు పట్టుకుని అటూ ఇటూ ఊపితే లొడలొడ లేదు. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు మీద గీతలున్నాయి గానీ పగుళ్లు లేవు. రెండు చక్రాలూ ఊడదీసి, దుప్పట్లో చుట్టి, మా బావమరిది కారు వెనక సీట్లో వేసుకొచ్చాం.

దానికున్న టైర్లు 23 మిల్లీమీటర్ల వెడల్పువి. మన రోడ్ల పక్కన సర్కారు తుమ్మ కంప ఎంతుందో తెలిసిందే. కంప కొట్టి ట్రాక్టర్లలో తోలిన రోజు రోడ్డంతా ముళ్లే. ఫోర్కు కింద, బ్రేకుల కింద జాగా చూస్తే 28 పట్టేలా ఉంది, వెంటనే మార్చేశా. మీరు కొనేదాంట్లో 32 పడితే ఇంకా మంచిది. గేర్లు రెండు తక్కువైనా ఒప్పుకోండి గానీ 25 దాటి పట్టని ఫ్రేము ఒప్పుకోవద్దు.

స్టోన్‌హౌస్‌పేటలో నా చిన్నప్పటి నుంచీ సైకిళ్లు బాగుచేసే సాయిబు గారి దగ్గరికి తీసుకుపోతే, సన్నటి వాల్వు వంక చూసి, "దీనికి గాలెట్ట కొట్టాల నాయనా?" అన్నాడు. ప్రెస్టా వాల్వు అది. కొసనున్న చిన్న నట్టు వదులు చేసి, ఒకసారి నొక్కి అప్పుడు కొట్టాలి. పెట్రోలు బంకు గొట్టం దానికి పట్టదు, ఇత్తడి అడాప్టరు ఉండాలి. నేను 68 కిలోలు, 28 టైరుకి గాలి ఒత్తిడి వెనక 80, ముందు 75 పీఎస్ఐ పెడతా. అంత గాలికి మీటరున్న నిలువు పంపు ఇంట్లో ఉండాల్సిందే. ఇక ఆయన సైకిలు తలకిందులు చేసి, వెనక చక్రం తిప్పుతూ, బ్రేకు రబ్బరు పక్కన గోరు ఆనించి, ఒక్కో స్పోకూ పావుచుట్టు బిగిస్తూ బెండు తీశాడు. పెద్ద షాపులో మిషను మీద పెట్టినా అంతకన్నా బాగా రాదు. మీ ఊళ్లో ఇట్లాంటి చెయ్యి ఉందో లేదో చూసుకున్నాకే వాడిన సైకిలు జోలికి పోండి. ట్యూబులు మాత్రం ఆన్‌లైనులోనే, రోడ్ సైకిలు చక్రాల సైజు 700సీవి ఆయన దగ్గర దొరకవు.

సైకిలు 22,000. టైర్లు 2,400, చైను 900, రెండు ట్యూబులు 700, పంపు 1,300, హెల్మెట్టు 1,500, ముందూ వెనకా లైట్లు 800. బోల్టులు బిగించే అలెన్ కీలు ల్యాబు మిషన్లకు వాడేవే. డబ్బంతా సైకిలు మీదే పెట్టేసి హెల్మెట్టు వచ్చే నెల చూద్దామనుకునేవాళ్లను చూశాను, ఆ నెల రాదు.

చీటీ డబ్బులో నాలుగు వందలు మిగిలింది, అది బ్రేకు రబ్బర్లకు. రిమ్ము తడిస్తే బ్రేకు ఆలస్యంగా పడుతుంది. మైపాడు రోడ్డులో రొయ్యల లారీలు కార్చే నీళ్లతోనే ఇబ్బందిగా ఉంది, అక్టోబరులో మన వానలు దిగేలోపు మార్చేయాలి.