టోక్యోలో అద్దె ఇల్లు: దొరికింది గానీ...

తాళం చేతికొచ్చి నాలుగు గంటలైంది. ఖాళీ గదిలో నేల మీద కూర్చుని ఫోన్ వెలుతురులో ఇది రాస్తున్నాను. పైన లైటు లేదు. ఇక్కడ చాలా ఇళ్ళలో లైట్లూ కర్టెన్లూ మనమే కొనుక్కోవాలి. ఆ సంగతి చీకటి పడ్డాక తెలిసింది.

ఏరియా విషయంలో ఆలోచించింది లేదు. నిషి కసాయ్ అయితే మనవాళ్ళుంటారు, కందిపప్పు దొరుకుతుంది, తోజాయ్ లైన్ ఎక్కితే ఆఫీసు. జైర్యూ కార్డు (విదేశీయులకిచ్చే నివాస గుర్తింపు కార్డు), జీతం కాగితాలు సిద్ధంగా ఉన్నాయి. వచ్చే నెల మా ఆవిడ వస్తోంది. ఇంకేం కావాలి అనుకున్నాను.

శనివారం ఏజెంట్ దగ్గరికి వెళ్ళి నాలుగు ఇళ్ళు ఎంచాను. అతను మంచివాడే, టీ కూడా ఇచ్చాడు. నా ఎదురుగానే ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. నా జీతం చెప్పలేదు, ఉద్యోగం చెప్పలేదు. మొదటి మాటే "గైకొకుజిన్ నో కతా నాన్ దేస్ గా..." అంటే, మనిషి విదేశీయుడు, కానీ... అని. ఆ 'గా' దగ్గర సాగదీసి ఆగేవాడు. అవతలివాళ్ళు ఏదో అనేవారు. ఇతను ఫోన్‌కే వంగి దణ్ణం పెట్టి, నా వైపు తిరిగి రెండు చేతులూ అడ్డంగా కత్తెరలా పెట్టేవాడు. మూడుసార్లు అదే. నాకు జపనీస్ రాదనుకున్నాడేమో. రాకపోయినా బాగుండేది.

నాలుగో ఓనర్ వెంటనే కాదనలేదు. ఏజెంట్ ఫోన్ మీద అరచెయ్యి పెట్టి, "ఇంట్లో వంట చేస్తారా? మసాలాలు ఎక్కువ వాడతారా?" అని మెల్లగా అడిగాడు. "తక్కువే" అన్నాను. సూట్‌కేసులో అమ్మ పెట్టిన ఆవకాయ రెండు కిలోలుంది. మళ్ళీ చేతులు అడ్డం. అబద్ధమాడి కూడా ఇల్లు రాలేదు. లిఫ్ట్‌లో దిగుతుంటే చెవులు మండిపోయాయి.

కోపం దిగాక ఇంకోటి గుర్తొచ్చింది. రాజమండ్రిలో మా నాన్నగారు పై వాటా అద్దెకిచ్చేటప్పుడు ముందు అడిగేది "మీరేమిట్లు?" అనే. పక్కన నిలబడి నేనెప్పుడూ ఏమీ అనలేదు.

తర్వాతి వారం వేరే ఏజెంట్ ద్వారా ఈ ఇల్లు కుదిరింది. మన అద్దెకి ఓనర్ దగ్గర హామీ ఉండే గ్యారంటీ కంపెనీ ఫారంలో నా పేరు గడులు దాటి మార్జిన్‌లోకి పోయింది. అత్యవసర కాంటాక్ట్‌గా జపాన్‌లో ఉండే మనిషే కావాలన్నారు. మా టీమ్ లీడర్ మారు మాట్లాడకుండా పేరిచ్చాడు.

ఇక డబ్బులు. అద్దె 90,000 యెన్‌లు. డిపాజిట్ 90,000, రేకిన్ 90,000, ఏజెంట్‌కి పన్నుతో 99,000, గ్యారంటీ కంపెనీకి 45,000, తాళం మార్చినందుకు 22,000, అగ్నిప్రమాద బీమా 20,000, మొదటి నెల అద్దె. మొత్తం 4,56,000. ఇందులో రేకిన్ అంటే ఇల్లిచ్చినందుకు ఓనర్‌కి కృతజ్ఞతగా ఇచ్చే సొమ్ము, తిరిగి రాదు. అద్దె కట్టేది నేను, కృతజ్ఞత కూడా నాదే! రెండేళ్ళయ్యాక రెన్యువల్ అని ఇంకో నెల అద్దె.

నిన్న ఆఫీసులో తమిళాయన చెప్పాడు: యూఆర్ అని ప్రభుత్వ సంస్థ ఇళ్ళున్నాయి, రేకిన్ లేదు, ఏజెంట్ ఫీజు లేదు, గ్యారంటర్ అక్కర్లేదు, రెన్యువల్ ఫీజు లేదు, తగినంత జీతం చూపిస్తే చాలు అని. నా సంతకాలు అప్పటికే అయిపోయాయి. మీరు మాత్రం ముందు అక్కడికి వెళ్ళండి. ఏజెంట్ దగ్గరికే వెళ్తే, ఫోన్ చేసేటప్పుడు బయటికి వచ్చి నిలబడండి.

గ్యాస్ కనెక్షన్ ఇచ్చే మనిషి రేపు రెండు, నాలుగు మధ్య వస్తాడట. అతనొచ్చినప్పుడు మనం ఇంట్లో ఉండాల్సిందే. ఇవాళ్టికి కొన్‌బినిలో, అంటే వీధి చివరి చిన్న సూపర్ మార్కెట్ లాంటి కొట్లో, కొన్న ఉప్పు అన్నం ముద్దలు రెండు, ఆవకాయ. కిటికీ బార్లా తెరిచే పెట్టాను.