చెయ్యి తగిలింది

ఒంటిగంట దాటింది, నిద్ర పట్టడం లేదు. క్రిస్టల్ ప్యాలెస్ ఎఫ్‌ఏ కప్ గెలిచింది. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో నా అభిమాన జట్టు గురించి ఈ వాక్యం రాయాలని ఎన్నేళ్ల నుంచో కోరిక. ఇప్పుడు రాసి, చూసుకుంటూ కూర్చున్నాను. మనసు మాత్రం కుదురుగా లేదు.

చిన్నోడు అన్నం సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. వాడి జట్టు ఇవాళ ఫైనల్లో మా చేతిలో ఓడిన మాంచెస్టర్ సిటీ. వాడి కోపం ఓడిపోయినందుకు కాదు. "ఆ గోలీ బాక్స్ బయట చేత్తో కొట్టాడు నాన్నా, నువ్వూ చూశావు కదా" అన్నాడు, మా గోల్‌కీపర్ హెండర్సన్ గురించి. గోల్ ముందు గీసిన బాక్స్ లోపలే గోలీ బంతిని చేత్తో తాకొచ్చు. "ఆటన్నాక ఇవన్నీ మామూలే. ఓడినవాళ్లు సాకులు వెతుక్కోకూడదు" అన్నాను, కాస్త గట్టిగానే. వాడు మాట్లాడకుండా లేచాడు. ఆవిడ నా వంక ఒక్క చూపు చూసి కంచం తీసేసింది.

నాకు ముందు నుంచే చిరాకుగా ఉంది. తొమ్మిదింటికి ఆట అంటే ఎనిమిదిన్నర నుంచి అన్నీ సర్దుకుని కూర్చున్నా. 16వ నిమిషంలో మా మున్యోజ్ కుడివైపు నుంచి బంతి అందించడం, ఎజె ఒక్క తాకులో గోల్‌లోకి పంపడం చక్కగా కనబడింది. అరిచాను కూడా. ఆ తర్వాత సిటీకి పెనాల్టీ దొరికిన సమయానికి బొమ్మ ఆగిపోయింది! హాలండ్ బంతిని మర్మూష్‌కి ఇచ్చాడు, మర్మూష్ బంతి ముందు నిలబడ్డాడు, ఇక తెర మీద ఆ గుండ్రం తిరుగుతూనే ఉంది. డబ్బు కట్టి చూసేవాడికి ఏడాదికి ఒక్క రాత్రయినా సరిగ్గా చూపించలేరా? తీసి మళ్లీ పెట్టా, వైఫై ఆపి మొబైల్ డేటా పెట్టా. బొమ్మ వచ్చేసరికి హెండర్సన్ చుట్టూ మనవాళ్లు చేరి ఉన్నారు. ఆపేశాడన్నమాట. క్లబ్బు చరిత్రలో అంత పెద్ద క్షణం నేను రీప్లేలో చూశాను. ఇది తలుచుకుంటే ఇప్పుడు కూడా ఒళ్లు మండుతోంది.

లండన్‌లో, థార్న్‌టన్ హీత్‌లో ఉన్నప్పటి పక్కింటి పెద్దాయన సాయంత్రం నుంచీ గుర్తొస్తున్నాడు. ప్యాలెస్ మైదానం సెల్‌హర్స్ట్ పార్క్‌కి నడిచి వెళ్లే దూరం. ఆ ఊళ్లో నాకు మొదటి స్నేహితుడు ఆయనే. 1990 ఫైనల్ ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. కాలు విరిగి కోలుకున్న మా ఇయాన్ రైట్ సబ్‌స్టిట్యూట్‌గా దిగి రెండు గోల్స్ కొట్టడం, ఎక్స్‌ట్రా టైమ్‌లో 3-2తో ముందుండగా, ఇంకో ఏడు నిమిషాలే ఉందనగా మాంచెస్టర్ యునైటెడ్ తరఫున హ్యూస్ సమం చేయడం. అప్పట్లో ఫైనల్ డ్రా అయితే మళ్లీ ఆడించేవారు. ఆ రెండో ఆటలో 0-1తో ఓడిపోయాం. అది జరిగింది మే 17న. సరిగ్గా 35 ఏళ్లకి, అదే తేదీన, ఇవాళ.

2016 ఫైనల్ ఆయన ఇంట్లోనే చూశాను. మళ్లీ యునైటెడే. మొదట్లోనే మా వికమ్ డిఫెండర్‌ని తప్పించుకుని ముందుకు దూసుకెళ్లి బంతిని గోల్‌లోకి కొట్టాడు. అయితే రిఫరీ అప్పటికే విజిల్ ఊదేశాడు, వికమ్ మీద జరిగిన ఫౌల్‌కే! ఆటని సాగనిస్తే గోల్ మనదే. తప్పు చేసింది వాళ్లు, నష్టం మాకు. 78వ నిమిషంలో మా పంచన్ గోల్ కొట్టినప్పుడు ఆయన నా భుజం పట్టుకుని కుదిపేశాడు. మూడు నిమిషాలకే మాటా సమం చేశాడు, ఎక్స్‌ట్రా టైమ్‌లో లింగార్డ్ ముగించాడు. ఆయన టీవీ కట్టేసి, టీ కప్పులు రెండూ తీసుకెళ్లి చాలాసేపు కడిగాడు. నీళ్ల చప్పుడు వింటూ నేను సోఫాలోనే ఉండిపోయాను. నేను ఇండియా వచ్చేసేదాకా కనబడినప్పుడల్లా ఒకటే మాట, "ఆ విజిల్ ఎందుకు ఊదాడు?" అని. కొన్నేళ్లుగా ఆయన నంబరు కలవడం లేదు. ఇవాళ కూడా చేశాను.

చిన్నోడితో అలా అన్నప్పుడు నా మనసులో ఉన్నది ఆ విజిలే. దానికీ దీనికీ చెల్లు అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఎలా చెల్లు? అప్పు యునైటెడ్‌ది. సిటీ ఎందుకు తీర్చాలి?

నిజం చెప్పాలంటే బంతి హెండర్సన్ చేతికి తగిలింది, బాక్స్ బయటే. హాలండ్ గోల్ వైపు కాకుండా పక్కకి వెళ్తున్నాడు కాబట్టి రెడ్ కార్డ్ (ఆట నుంచి పంపేయడం) కాదని వీఏఆర్, అంటే వీడియో చూసి తేల్చే రిఫరీల బృందం, తేల్చింది. రెడ్ కార్డ్ కాదనుకుంటే, తప్పు కంటికి కనబడుతున్నా ఉత్త ఫ్రీ కిక్ ఇప్పించే అధికారం కూడా వీఏఆర్‌కి లేదు. రూల్ అది. వాడికి చెప్పాల్సింది ఇది. నేను చెప్పింది సాకులు, మామూలే, అని. వీధిలో క్రికెట్ ఆడేటప్పుడు బ్యాట్‌కి తగిలితే నువ్వే ఒప్పుకోవాలిరా అని వాడికి నేర్పింది నేనే.

అలాగని ఈ గెలుపు మాది కాదని మాత్రం ఒప్పుకోను. పెనాల్టీ ఆపింది అదే హెండర్సన్. ఈ సీజన్‌లోనే తండ్రిని పోగొట్టుకున్న మనిషి. సిటీకి తర్వాత ఎంతో సమయం ఉంది, బంతంతా వాళ్ల కాళ్ల దగ్గరే ఉంది. 1905లో పుట్టిన క్లబ్బుకి ఇది మొదటి పెద్ద కప్పు. చివర్లో పది నిమిషాలు కలిపారు. ఆ పది నిమిషాలూ నేను నిలబడే ఉన్నాను.

ఇందాక మంచినీళ్లకి లేచి వాడి గదిలోకి చూశాను. ఫోన్ ఛాతీ మీద పెట్టుకుని నిద్రపోయాడు. తీసి పక్కన పెడదామని ముట్టుకుంటే తెర వెలిగింది. వీడియోని సరిగ్గా అక్కడ ఆపి పెట్టుకున్నాడు. తెల్ల గీత కనబడుతోంది. బంతి గీతకి బయట ఉంది, దాని మీద చెయ్యి ఉంది.