చోక్ తినే కరెంటు

వంటింటి ట్యూబ్‌లైటు విప్పిన ఎలక్ట్రీషియన్ అందులో ట్యూబుకు వెళ్లే కరెంటును అదుపు చేసే పాత రాగి చోక్‌ను తీసి ఇప్పుడే నా చేతిలో పెట్టారు. దీపం ఆర్పి చాలాసేపయినా అది ఇంకా గోరువెచ్చగానే ఉంది.

ఆ వేడి అంతా మనం డబ్బు కట్టిన కరెంటే. ట్యూబు మీద 40 వాట్లని రాసి ఉన్నా, ఇలాంటి పాత చోక్ మరో 12 నుంచి 15 వాట్ల వరకు వేడి రూపంలో ఖర్చు చేస్తుంది కనుక, మీటరు లెక్కలో అది 50 వాట్లు దాటిన దీపం. రోజుకు ఆరు గంటలు వెలిగితే ఏడాదికి చోక్ వాటాయే దాదాపు 30 యూనిట్లు అవుతుంది.

ఎలక్ట్రానిక్ చోక్ 50 హెర్ట్జ్ కరెంటును 20 కిలోహెర్ట్జ్‌కు పైగా మార్చి ట్యూబుకు అందిస్తుంది కనుక ఈ నష్టం బాగా తగ్గడమే కాక, సెకనుకు వందసార్లు వచ్చే మినుకూ, అమ్మ ఎప్పుడూ విసుక్కునే ఆ సన్నని రొదా పోతాయి. అయినా ట్యూబు కూడా పాతదే కాబట్టి, చోక్‌నూ స్టార్టరునూ పూర్తిగా తప్పించి 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబుకు నేరుగా వైరింగు చేయించాను.

హాలు సీలింగులో ట్రాన్స్‌ఫార్మర్ మీద వెలిగే 12 వోల్టుల హాలోజెన్ దీపాలు మిగిలాయి. వాటి స్థానంలో ఎల్‌ఈడీ బల్బులు పెడితే చాలునని దుకాణదారు అన్నారు గానీ, పాత ఎలక్ట్రానిక్ ట్రాన్స్‌ఫార్మర్లలో చాలావాటికి కనీస లోడు కావాలి, ఎల్‌ఈడీలు తీసుకునే కొద్దిపాటి వాట్లకు అవి సరిగా పనిచేయక దీపాలు మినుకుమంటాయి. అందుకే ట్రాన్స్‌ఫార్మర్ స్థానంలో ఎల్‌ఈడీలకు సరిపడే కరెంటు అందించే పరికరం, అంటే తగిన డ్రైవరు పెట్టమన్నాను. ఆ పని ఆదివారం.