అది మత్తు గ్యాస్ కాదు మహాప్రభో!

మా బాబు ఆసుపత్రి బిల్లుకి ఇన్సూరెన్స్ క్లెయిమ్ డబ్బులు నిన్ననే పడ్డాయి. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మావాడు పుట్టగానే ఏడవలేదు. కడుపులోనే దొడ్డికెళ్లి ఆ ఉమ్మనీరు మింగేశాడు. బాలింతను మా ఊళ్లోనే వదిలి, వాణ్ణి అంబులెన్స్‌లో హైదరాబాద్ తెచ్చాం. ఆక్సిజన్ అందక మెదడు దెబ్బతిందేమోనని 72 గంటలు ఒళ్లు 33.5 డిగ్రీల దగ్గర చల్లగా ఉంచారు. పుట్టిన ఆరు గంటల్లోపే అది మొదలవ్వాలట, అందుకున్నాం. వెంటిలేటర్ పెట్టినా కుడిచేతి దగ్గర ఆక్సిజన్ ఒక అంకె, కాలి దగ్గర అంతకన్నా తక్కువ. ఊపిరితిత్తుల రక్తనాళాలు బిగుసుకున్నాయని వాటిని వదులు చేసే నైట్రిక్ ఆక్సైడ్ గ్యాస్ 20 పీపీఎంతో (పీల్చే గాలిలో పది లక్షల వంతుల్లో 20) మొదలుపెట్టారు. "ఇది ఊపిరితిత్తులకేనండీ, మెదడుకు మందు అనుకోకండి" అని డాక్టరమ్మ మొహమాటం లేకుండా చెప్పింది. ఆవిడకో దండం. ఒక్కసారిగా ఆపకూడదని 10, 5, చివరికి 1 దాకా దించి తీసేశారు.

ఇక ఇన్సూరెన్స్ డెస్క్.

"సార్, ఆపరేషనే జరగలేదు, మత్తు గ్యాస్ ఎందుకిచ్చారని కంపెనీవాళ్లు అడుగుతున్నారు" అన్నాడు అక్కడి కుర్రాడు. వెనకాల పదిమంది లైన్లో ఉన్నారు. బాబూ, మత్తుకిచ్చేది నైట్రస్ ఆక్సైడ్, ఇది నైట్రిక్ ఆక్సైడ్ అన్నాను. "రెండూ ఒకటే సార్." ఇంటర్ కెమిస్ట్రీలో నాకు 60కి 58. ఒళ్లు మండిపోయింది. శరీరంలో ఇది చేసే పని కనిపెట్టినందుకే 1998లో ముగ్గురికి నోబెల్ ఇచ్చారయ్యా అన్నాను. "ఆ సర్టిఫికెట్ ఉంటే అప్‌లోడ్ చేయండి సార్."

అంతటితో వదల్లేదు. బిల్లు తిప్పి, "సిల్డెనాఫిల్... ఇది వయాగ్రా కదా సార్, బాబు బిల్లులో ఎందుకుంది?" అని గట్టిగా చదివాడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ మందు ఊపిరితిత్తుల నాళాలను కూడా వదులు చేస్తుందని, గ్యాస్ తీసేటప్పుడు అందుకే వేశారని ఎవరికి చెప్పను? లోపల వాడు గొట్టాల మధ్య పడి ఉన్నాడు, బయట నేను దొంగలా నిలబడ్డాను.

మూడు వారాలు తిప్పారు. మీకెవరికైనా ఈ గతి పడితే, డిశ్చార్జికి ముందే గ్యాస్ ఎన్ని గంటలిచ్చారో, ఎందుకిచ్చారో డాక్టర్ చేత లెటర్ రాయించుకోండి, ఎకో (గుండె స్కాన్) రిపోర్టు జతచేయండి. కెమిస్ట్రీ మాత్రం చెప్పకండి.

మావాడి మెదడు ఎంఆర్ఐలో పెద్ద దెబ్బేమీ కనపడలేదు. అయినా ఎదుగుదల చూస్తూ ఉండాలన్నారు. వచ్చే నెల చెవి పరీక్ష. దానికి లెటర్ ఇప్పుడే రాయించి పెట్టుకున్నా.