టెసరాక్ట్ 5ని సోర్స్ కోడ్ నుంచి ఎక్కించుకున్నాను: నా అనుభవం

మా తాతగారు దాచిన పాత తెలుగు మాసపత్రికలు గుంటూరు బ్రాడీపేటలో మా ఇంట్లో ఒక బీరువా నిండా ఉన్నాయి. పేజీ తిప్పితే చాలు, అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. ఫొటోలు తీసి ఊరుకుంటే లాభం లేదు, ఒక మాట టైప్ చేస్తే అది ఏ పేజీలో ఉందో దొరకాలి. అందుకు ఉచితంగా దొరికేది టెసరాక్ట్. ఫొటోలోని అక్షరాలను గుర్తుపట్టి టెక్స్ట్‌గా మార్చే ప్రోగ్రామ్ అది. 1985–94 మధ్య హెచ్‌పీలో తయారై, 2005లో ఓపెన్ సోర్స్ అయింది, అంటే దాని కోడ్ అందరికీ అందుబాటులోకి వచ్చింది.

నా ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉబుంటు 22.04 అనే లినక్స్ ఉంది. అందులో ప్రోగ్రామ్‌లు ఎక్కించే కమాండ్ ఆప్ట్‌. దాంతో ఇన్‌స్టాల్ చేస్తే టెసరాక్ట్ 4.1.1 వచ్చింది. 5వ వెర్షన్ లెక్కలు డబుల్ అనే పెద్ద అంకెల బదులు, అందులో సగం చోటే పట్టే ఫ్లోట్‌లో చేస్తుంది కాబట్టి వేగం పెరిగి, మెమరీ తక్కువ తీసుకుంటుంది. నాది పాత మెషీన్, పేజీలేమో వందల్లో ఉన్నాయి. అందుకే 5వ వెర్షన్ సోర్స్ కోడ్ దించాను. దాన్ని కంపైల్ చేస్తేనే, అంటే నడిచే ప్రోగ్రామ్‌గా మారిస్తేనే పనికొస్తుంది.

కంపైల్‌కి కావలసినవన్నీ సిస్టమ్‌లో ఉన్నాయో లేదో చూసేది కాన్ఫిగర్ ఫైల్. దించిన సోర్స్‌లో అది ఉండదు. ముందు ఆటోజెన్ స్క్రిప్ట్ నడిపితే అదే తయారుచేస్తుంది. దానికి ఆటోమేక్, లిబ్‌టూల్ అనే సహాయక ప్రోగ్రామ్‌లు కావాలి. అంతవరకూ ఇబ్బంది లేదు. కాన్ఫిగర్ దగ్గర ఆగిపోయింది: టెసరాక్ట్ బొమ్మలను చదవడానికి వాడే లెప్టోనికా లైబ్రరీ 1.74 లేదా అంతకంటే కొత్తది కావాలట. నా సిస్టమ్‌లో 1.82 ఉంది! పాత టెసరాక్ట్ దానిమీదే నడుస్తోంది కూడా. టెన్షన్ వచ్చి, విజయవాడలో ఇంజినీరింగ్ చదివే మా అన్నయ్య కొడుక్కి ఫోన్ చేశాను.

"బాబాయ్, ప్రోగ్రామ్ నడవడానికి లైబ్రరీ ఉంటే చాలు. కంపైల్ చెయ్యాలంటే ఆ లైబ్రరీలో ఏమేం ఉన్నాయో చెప్పే హెడర్ ఫైల్స్ కూడా ఉండాలి. అవి డెవ్ ప్యాకేజీలో వస్తాయి. ఎర్రర్ లైన్ చివరిదాకా చదువు, పేరు కూడా అదే చెప్తుంది."

నిజమే, లిబ్‌లెప్టోనికా డెవ్ అని అక్కడే రాసి ఉంది. అది ఎక్కించాక కాన్ఫిగర్ సాఫీగా పూర్తయింది. ఇలాంటి ప్రోగ్రామ్ ఏది కట్టినా సగం చిక్కులు ఈ డెవ్ ప్యాకేజీల దగ్గరే వస్తాయని నా నమ్మకం.

ఇక కంపైల్ చేసే కమాండ్ మేక్. దానికి జే4 కలిపితే ప్రాసెసర్‌లోని నాలుగు కోర్లూ పనిచేస్తాయి. ఫ్యాన్ హోరెత్తింది కానీ పని ఆగలేదు. తర్వాత, తయారైన ప్రోగ్రామ్‌ని అడ్మిన్ అధికారంతో సిస్టమ్‌లో పెట్టే సుడో మేక్ ఇన్‌స్టాల్. ఆ వెంటనే సుడో ఎల్‌డీకాన్ఫిగ్ కొట్టడం తప్పనిసరి. కొత్త లైబ్రరీ యూఎస్‌ఆర్ లోకల్ లిబ్ ఫోల్డర్‌లోకి వెళ్తుంది, ఆ సంగతి సిస్టమ్‌కి తెలియకపోతే షేర్డ్ లైబ్రరీ దొరకలేదని ప్రోగ్రామ్ మొరాయిస్తుంది.

ఇంకో మెట్టు ఉంది. సోర్స్ నుంచి కడితే భాషల డేటా దానితో రాదు. తెలుగుది టెల్ డాట్ ట్రెయిన్డ్‌డేటా. అది మూడు రకాలుగా దొరుకుతుంది: మామూలుది, ఫాస్ట్, బెస్ట్. పాత అచ్చు కదా అని నేను బెస్ట్ తీసుకుని, యూఎస్‌ఆర్ లోకల్ షేర్‌లోని టెస్‌డేటా ఫోల్డర్‌లో పెట్టాను.

మొదటి పేజీ వచ్చినప్పుడు కళ్లార్పకుండా చూశాను. ఒత్తులు చాలావరకు సరిగ్గా పడ్డాయి. అరసున్నలు మాత్రం చాలాచోట్ల ఎగిరిపోయాయి, కొన్ని 'ష'లు 'ప'లయ్యాయి. అవి చేత్తో దిద్దుకుంటాను. తాతగారు పెన్సిల్‌తో గీత గీసుకున్న ఒక పద్యంలో మాట టైప్ చేస్తే, ఆ పేజీ సూటిగా దొరికింది. ఇంత కష్టం దానికోసమే.

సోర్స్ ఫోల్డర్‌ని మాత్రం తీసెయ్యలేదు. ఇలా ఎక్కించిన ప్రోగ్రామ్ గురించి ఆప్ట్‌కి తెలియదు, రేపు తీసెయ్యాలంటే ఆ ఫోల్డర్‌లోంచే మేక్ అన్ఇన్‌స్టాల్ నడపాలి.