78వ నంబరు హద్దు స్తంభం దాకా

అమెరికా, కెనడాల మధ్య 49వ అక్షాంశం వెంట నాటిన హద్దు స్తంభాలలో 78వదాన్ని చూసి నిన్న రాత్రే సియాటిల్ చేరుకున్నాను. కాళ్ల బొబ్బలూ ఆరలేదు, కోపమూ ఆరలేదు.

దారి సంగతి సులువే. మజామా మీదుగా హార్ట్స్ పాస్ దాకా కారులో వెళ్లి, అక్కడి నుంచి, మెక్సికో సరిహద్దు నుంచి కెనడా దాకా సాగే పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్ అనే కాలిబాట మీద ఉత్తరంగా దాదాపు 30 మైళ్లు నడవాలి. కారు వెళ్లే మట్టిరోడ్డు ఇరుకు, పక్కనే లోయ. చీకటి పడ్డాక వద్దు.

కొండకన్నా కాగితాలే నన్ను ఎక్కువ ఆయాసపెట్టాయి. ఈ కాలిబాట మీదుగా తన గడ్డమీదికి వచ్చేవారికి అనుమతులు ఇవ్వడం కెనడా 2025 జనవరిలో మానేసింది. అందువల్ల స్తంభానికి అవతల 8 మైళ్లలోనే మ్యానింగ్ పార్కు రోడ్డు ఉన్నా, వచ్చిన దారినే తిరిగి రావాలి. అది అందరికీ ఒకటే నియమం కనుక ఫిర్యాదు లేదు. నాకు హెచ్-1బి ఉద్యోగ అనుమతి గడువు ఉంది కాని పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరిపోయింది. దేశం దాటితే తిరిగి రావడానికి మామూలుగా ఆ స్టాంపు కావాలి. స్తంభం చుట్టూ ఒకసారి తిరిగితే దేశం దాటినట్టా, కాదా అన్నది నా సందేహం. దీన్నే ఒక సమాచార కేంద్రంలో అడిగాను. నా ముందున్న దంపతులకు ఎలుగుబంట్ల గురించి నవ్వుతూ జాగ్రత్తలు చెప్పిన ఉద్యోగి, నా ప్రశ్న పూర్తికాకముందే, "నీ కాగితాలు సరిగ్గా ఉన్నాయా?" అన్నాడు. వరుసలో నిలబడినవారంతా నావైపు తిరిగారు. ఏళ్ల తరబడి ఇక్కడ పన్నులు కడుతున్న నేను, దేశంలోకి వచ్చినట్టు నమోదు చేసే ఐ-94నూ, హెచ్-1బి ఆమోదపత్రాన్నీ దొంగసొత్తు అప్పగిస్తున్నవాడిలా బల్లమీద పరిచాను. వాటిని తనిఖీ చేసే అధికారం అతనికి లేదు, చదివే ఓపిక అంతకన్నా లేదు. వేలికొసతో వెనక్కి నెట్టి, "లాయరును అడుగు" అన్నాడు. ఫీజు పుచ్చుకున్న లాయరు "దాటకపోవడమే మంచిది" అన్నారు. ఆ మాట మా అమ్మ ఫోనులో ఉచితంగానే చెప్పింది.

18 ఏళ్లు నిండిన విదేశీయులు నమోదు పత్రాన్ని ఎల్లవేళలా వెంట ఉంచుకోవాలని ఇక్కడి చట్టం. ఐ-94 ప్రింటు తీసి ప్లాస్టిక్ కవరులో పెట్టుకోండి. "ఎవరడుగుతారులే" అనే మిత్రుల మాట వినకండి. నాతో అలా అన్నవాళ్లంతా సిటిజెన్లే.

హాప్‌కిన్స్ సరస్సు దాటి, కాసిల్ పాస్ మీదుగా అడవిలో దిగుతూ పోతే, 20 అడుగుల వెడల్పున చెట్లు నరికిన చార కొండవాలు మీద తిన్నగా కనిపిస్తుంది. అందులోనే నాలుగు పలకల లోహ స్తంభం ఉంది. తట్టితే బోలుగా మోగింది. అమెరికా, బ్రిటన్‌ల 1846 ఒప్పందం హద్దు 49వ అక్షాంశమని ఒక్క మాటలో తేల్చేసింది కాని, దాన్ని నేలమీద గుర్తించడానికి 1857 నుంచి 1861 దాకా సర్వేయర్లు నక్షత్రాలను చూసి లెక్కలు కట్టవలసి వచ్చింది. పర్వతాల ఆకర్షణకు, నిలువును చూపే తూకంగుండు పక్కకు లాగబడడంతో గీత కొన్నిచోట్ల అసలు అక్షాంశం నుంచి వందల అడుగులు తప్పింది. అయినా స్తంభం ఉన్నచోటే హద్దని రెండు దేశాలూ ఒప్పుకున్నాయి. అన్ని అడుగుల తేడాను మన్నించినవాళ్లు నా ఒక్క అడుగు దగ్గర ఇంత పట్టుబడతారు.

నేను దక్షిణం వైపే నిలబడి, చేయి చాచి ఫోనుతో ఉత్తరపు పలకను ఫొటో తీసుకున్నాను. చేయి కెనడాలోకి వెళ్లే ఉంటుంది. దాని గురించి మాత్రం లాయరును అడగదలచుకోలేదు.